గడప మీద కప్ప కాళ్లు

ఆ మంగళవారం కృష్ణమూర్తి వేసుకున్న పథకం చాలా చిన్నది. పెందలాడే గోదాము తెరవాలి, లక్ష్మీదేవి పటానికి అగరొత్తి వెలిగించాలి, తన దగ్గర దాచుకున్న విత్తనపు వడ్లు చూసుకోవడానికి శుక్రవారం వచ్చే గరిడేపల్లి రైతుల ముందు పెద్దమనిషిలా కూర్చోవాలి. సాగర్ కాలువ నీళ్లొచ్చాక మిర్యాలగూడలో సందుకో గోదాము లేచింది. అన్నింటిలోనూ ఎలుకలదే రాజ్యం. కృష్ణమూర్తి గోదాములో మాత్రం బస్తాకు చిల్లు పడదు. ఎందుకు పడదో ఆయనకూ తెలియదు. తన చేతి మహిమ అనుకునేవాడు. నాలుగు బస్తాలున్నవాడికి ఆ జబ్బు సహజం.

రోజూ తెల్లవారకముందే ఊడ్చిపోయే సాయమ్మ, కూతురి కాన్పుకని తిరుమలగిరి పోయి ఉంది. అందుకని తలుపు తీసిన మొదటి మనిషి ఆయనే అయ్యాడు. గడప మీద, పటానికి సరిగ్గా కింద, రెండు కప్ప కాళ్లు, ఒక ఎలుక తోక, ఒక పిచ్చుక రెక్క!

"కన్యకా! బాణామతి! మనమీద బాణామతి చేసిండ్రు!"

వెనక ఇంట్లోంచి భార్య కన్యకమ్మ పరుగెత్తుకొచ్చి కొంగు ముక్కుకడ్డం పెట్టుకుంది. "ఇంకెవలు చేస్తరు? ఎదురు గోదాము మీ బావది కాదా? ఆయన రైతులు మనకాడికి వచ్చిండ్రని కడుపుమంట."

కృష్ణమూర్తి నడివీధిలో నిలబడ్డాడు. "బావా! అక్క మొఖం సూసి ఊకుంటున్న! కప్పకాళ్లు పెడతవా నా గడప మీద?"

ఎదుటి గోదాము ముందు జనార్దన్ నోట్లోంచి వేపపుల్ల తీశాడు. "ఏంది లొల్లి? నా గోదాముల ఎలుకలు పట్టనీకే నాకు పురసత్ లేదు. నీ కోసం కప్పల కాళ్లు ఇరుసుకుంట కూసుంటనా?"

మధ్యాహ్నానికి పెద్దవూర నుంచి రాందాస్ దిగాడు. మంత్రం తెలిసినవాడని పేరు. గడప వాసన చూసి చెప్పాడు: "గోదామంత ఊక పొయ్యి. వచ్చినోని అడుగు దొరుకుతది. పొద్దుగూకంగనే పక్కనున్న నీ మిల్లు ఇంజన్ బందు చెయ్యి. జర సప్పుడు కూడ ఉండొద్దు."

చీమ కదిలినా వినపడేంత నిశ్శబ్దం చేశారు. తెల్లారి చూస్తే ఆరు కప్ప కాళ్లు, అయిదు తోకలు! మనిషి అడుగు ఒక్కటీ లేదు. ఊకలో ఎలుక నడిచిన సన్నని దారి మాత్రం ఉంది. అది నడుమకొచ్చి ఆగిపోయింది. ముందుకు పోలేదు, వెనక్కి తిరగలేదు. రాందాస్ ఆ జాడ చూశాడు, కప్పు వంక చూశాడు, "గిది నా తోని కాదు సేటూ" అని బస్సెక్కాడు.

కబురు గరిడేపల్లికి బస్సుకంటే ముందు చేరింది. మరునాడు సాయంత్రానికే పదకొండు బండ్లు.

"మా వడ్లు మాకియ్యి సేటూ," అన్నాడు రైతుల పెద్ద అంజయ్య. "బాణామతి వడ్లు అలికితే ఏం మొలుస్తదో ఏమో!"

ఈ బండ్లు నిండి వెళ్లిపోతే ఇక ఏ ఊరి బండీ ఆ గడపకు రాదు. కృష్ణమూర్తి ఛాతీ విరిచాడు. "నేను లోపల కూసుంట. దీపాలు పెట్టంగ బయటికొస్త. నాకేం కాకుంటే ఒక్క బస్తా కదలొద్దు!"

కూర్చున్నాడు. చీకటి కమ్మింది. భయానికి కాలి బొటనవేలు వణికింది, ఊక గరగరమంది. అంతే! నల్లగుడ్డ లాంటిది పైనుంచి చప్పుడు లేకుండా జారి, వేలిని పట్టి కొరికి, వదిలేసి మాయమైంది.

"సచ్చిన్రో! మిరపకాయలు! పొగ పెట్టుండ్రి!"

కన్యకమ్మ సగం గంప ఎండుమిరపకాయలు కుంపట్లో కుమ్మరించింది. ఎడ్లు తుమ్మాయి, రైతులు దగ్గారు, ఊరంతా కళ్లు తుడుచుకుంది. ఆ పొగలోంచి ఎనిమిది గబ్బిలాలు దూసుకొచ్చాయి. మనిషి చెవులంత చెవులు! ఒకదాని నోట్లో ఎలుక వేలాడుతోంది. వీధి దాటి, జనార్దన్ గోదాము కిటికీలో దూరిపోయాయి.

అప్పుడే బస్సు దిగి మూటతో వచ్చింది సాయమ్మ. "బస్సులనే అంత ఇన్న. అయ్యో, ఎల్లగొట్టిండ్రా? ఆరేండ్ల సంది గడప మీది గా దూలానికే ఏలాడుకుంట తింటయి. కింద పడ్డయి నేనే ఊడుస్త. గవి చీకట్ల చెవులతోని వేటాడతయి సేటూ. ఊక పోసి, ఇంజన్ బందు పెడితే ఎలుక కాలు కదిలిన సప్పుడు ఇనరాదా? ఇంత పరేషాన్ ఎందుకు, నన్నొక్క మాట అడిగిండ్రా ఎవరన్న?"

"మరి నా వేలు?"

"ఎలుక అనుకున్నది. నోట్లె పెట్టంగనే తెలిసింది, ఇడిసిపెట్టింది. ఏది తినాల్నో ఏది తినొద్దో ఒక్కపారికే నేర్సుకుంటది. ఇగ నిన్ను ముట్టది, ఫికరు చెయ్యకు."

వీధి వీధంతా విరగబడి నవ్వింది. కృష్ణమూర్తి కూడా నవ్వాడు, ప్రాణం లేచొచ్చింది. "ఇన్నరు గద! బాణామతి లేదు, గీణామతి లేదు! బండ్లు ఎనకకు తిప్పుండ్రి!"

అంజయ్య చుట్ట ఆర్పాడు. "అయితే ఇన్నేండ్లు మా వడ్లు కాపాడింది నువ్వు కాదన్నట్టు." ఎదుటి కిటికీ వైపు చూశాడు. "తొందరగ బస్తాలు ఎత్తుండ్రి. జనార్దన్ సేటు గోదాముల దించుండ్రి."

మరునాడు కృష్ణమూర్తి గడప అద్దంలా మెరిసింది. ఊడ్చడానికి ఏమీ లేక సాయమ్మ చీపురు పట్టుకుని ఎదుటి గోదాములోకి నడిచింది.