ఎర్రగుట్ట బంగారు గనిపై ప్రజాభిప్రాయం

గుట్టకు ఆకుపచ్చ గుడ్డ కప్పించాలి. పాత గని గుంతలో నీళ్లు ఎర్రగా కనిపించకుండా తామరపూలు వేయించాలి, ప్లాస్టిక్‌వైనా ఫర్వాలేదు. షామియానా, నాలుగు వందల కుర్చీలు. చైర్మన్ గారికి బాటిల్ నీళ్లు, ఊరివాళ్లకు ఊరి నీళ్లు. వేలిముద్రల మిషన్‌కు చార్జింగ్ పెట్టాలి. పర్యావరణాన్ని కాపాడాలి.

ఇవన్నీ శుక్రవారం పదింటికల్లా పూర్తికావాలని గని పునఃప్రారంభ కమిటీ చైర్మన్ గారు వాట్సాప్‌లో ఆదేశించారు. ఎర్రగుట్టపల్లె పంచాయతీ కార్యదర్శి సరిత ఒక్కోదానికీ టిక్కు పెట్టుకుంటూ పోయింది. వాళ్లింట్లో మొదటి డిగ్రీ ఆమెదే. ఆదేశంలో ఏముంటే అది చేయడం ఆమెకు అలవాటు. చివరి పని ఒక్కటీ చైర్మన్ గారికే వదిలేసింది.

గుడ్డ సిరిసిల్ల నుంచి వచ్చింది. మరమగ్గాల యజమాని మార్కండేయులు లారీ దిగి గుట్టను కిందికీ మీదికీ చూశాడు.

"మేడం, కొలత తక్కువ జెప్పిండ్రు. ఎనక దిక్కు బోసిగనే ఉంటది."

"సారు ముంగటి నుంచే వస్తరన్నా."

పదింటికి రావలసిన చైర్మన్ గారు ఒంటిగంటకే వచ్చారు. గుట్ట పచ్చదనం చూసి చలించిపోయి, మైకు అందుకున్నారు.

"అభివృద్ధి నాకొక కన్ను, పర్యావరణం ఇంకో కన్ను. రెండు కళ్లూ మూసుకొని నిష్పక్షపాతంగా ఆలోచిస్తాను!"

షామియానా కింద అందరూ ఆడవాళ్లే. మగవాళ్లు దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉన్నారు. ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడుతూనే వింటున్నారు. సభ ఉందని రోజుకు వెయ్యి బీడీలు తగ్గవు కదా.

ముందు వరుసలోంచి లచ్చవ్వ లేచింది.

"సారూ, నా కొడుకు నరేశ్ దుబాయ్‌ల ఇసుక మోయవట్టి ఆరేండ్లాయె. గని తెరిస్తే గీడ కొలువిస్తరా?"

"తప్పకుండా. కొలువులన్నీ స్థానికులకే," అన్నాడు గని కంపెనీ మనిషి జితేందర్.

"అయితే తెరువుండ్రి. ఆగుండ్రి, ఇంకోటున్నది. నేను కొత్త కోడలప్పుడు గని నడిచింది. మా బాయి నీళ్లు ఎర్రగయినయి, రెండు బర్లు తాగి సచ్చినయి. గని మూసినంకనే మల్ల తేటవడ్డయి. గట్లయితే తెరువద్దు. సరితా, రెండు రాయి బిడ్డా."

"రెండూ ఎలా రాస్తారమ్మా?" అన్నారు చైర్మన్ గారు. "అనుకూలమా, వ్యతిరేకమా?"

"గా రెండు సూసి చెప్పనీకే గద సారూ, నువ్వు కారేసుకొని వచ్చింది?"

చైర్మన్ గారు ఆ ప్రశ్నను ఎంతో మెచ్చుకుని, ముందు వేలు పెట్టమన్నారు. అంతకుముందు ఏదో ఊళ్లో ఒకే మనిషి మీసం మార్చి మార్చి పదకొండుసార్లు వ్యతిరేకించాడట. అందుకే ఇప్పుడు ముద్ర పడితేనే గ్రామస్తుడు, గ్రామస్తుడైతేనే మాట రికార్డులోకి.

లచ్చవ్వ వేలు పెట్టింది. మిషన్‌లో ఎర్రలైటు వెలిగింది. పది వేళ్లూ పెట్టింది. పదిసార్లూ ఎరుపే. నలభై ఏళ్లు బీడీల తునికాకు చుట్టిన వేళ్లు గాజుపలకలా నున్నగా ఉన్నాయి.

"చేతులు కడుక్కొని రా పెద్దమ్మా," అన్నాడు జితేందర్.

"కడిగితే గీతలొస్తయా కొడుకా? రేషన్ దుకాణంల కన్ను జూస్తరు. కన్ను జూసుకో."

"ఆదేశంలో వేలు అని ఉంది," అన్నారు చైర్మన్ గారు.

సరిత ఆదేశం తీసి చూసింది. వేలు అనే ఉంది.

మూడు వందల పన్నెండు మంది ఆడవాళ్లూ వరుసలో వచ్చి వేళ్లు పెట్టి వెళ్లారు. అందరికీ ఎరుపే. మిషన్ నలుగురిని మాత్రం వెంటనే గుర్తుపట్టింది: జితేందర్, చైర్మన్ గారి డ్రైవర్, షామియానా సాయిలు, మార్కండేయులు. నలుగురూ అనుకూలమే. గుట్టకు ఏటేటా కొత్త గుడ్డ అవసరమని మార్కండేయులు ప్రత్యేకంగా రాయించాడు.

సరిత ధైర్యం చేసింది. "సార్, లచ్చవ్వ చెప్పిన రెండు మాటలు నా పేరు మీద రాస్త. నేను గూడ ఈ ఊళ్లనే ఉంటున్న గద."

వేలు పెట్టింది. ఎర్రలైటు. ఆఫీసులో ముఖం చూసి హాజరు వేస్తారు గనుక ఇన్నాళ్లూ ఆమెకు తెలియలేదు. డిగ్రీ ఫీజు మూడేళ్లూ ఆ వేళ్లతో బీడీలు చుట్టే కట్టింది.

"మీరు కూడా లేరా అమ్మా?" చైర్మన్ గారు నిజంగానే బాధపడ్డారు.

సాయంత్రానికి నివేదిక తయారైంది. గ్రామస్తులు నలుగురు. వ్యతిరేకత లేదు. నీళ్లు తాగేవారు లేనందున బావిని గనికి కేటాయించడమైనది. స్థానికులెవరూ కొలువుకు ముందుకు రానందున కూలీలను బయటి నుంచి తెప్పించాలని నిర్ణయించడమైనది. ఆ కాంట్రాక్టు, మనుషులను గల్ఫ్‌కు పంపడంలో అనుభవమున్న కోరుట్ల ఏజెంటుకు దక్కింది. టైపు చేసింది సరితే. ఒక్క అక్షరం తప్పు లేదు.

సరిత ఇంటికి వెళ్లే దారిలో లచ్చవ్వ తన అరుగు మీద ఫోన్ పట్టుకొని ఉంది. అవతల నరేశ్.

"అవ్వా, సభల మాట్లాడినవా?"

"మాట్లాడిన కొడుకా. నీ కొలువు ముచ్చట చెప్పిన, బాయి ముచ్చట చెప్పిన."

"రాసుకున్నరా?"

లచ్చవ్వ సరిత వైపు చూసింది. "సరిత రాసింది. మస్తు సేపు రాసింది."

నివేదికలో చోటు లేకపోయింది గనుక పాఠకులకొక విన్నపం. లచ్చవ్వను గుర్తుపెట్టుకోండి. ఊరు ఎర్రగుట్టపల్లె. కొడుకు పేరు నరేశ్. బావి నీళ్లు ఈ పొద్దటిదాకా తియ్యగానే ఉన్నాయి.