పాము కడుపులో జానెడు బాకు

ఆ ఆదివారం పొద్దున దర్జీ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికి లాడ్జి మేనేజరమ్మ వస్తుంది. డబుల్ పరుపు కవరు ఆమె చేతిలో పెట్టాలి. అది నచ్చితే మిగతా ఇరవై గదుల కవర్లూ ఇతనికే ఇస్తానంది. అంతకు ముందు, అంటే పదింటికి, పాము కడుపులోంచి ప్రాణాలతో బయటపడాలి.

పాము సంగతి కాస్త చెప్పుకోవాలి. దర్జీ బావమరిది బళ్లో లెక్కల మాస్టారు. మూడేళ్లుగా ప్రతి ఆదివారం అక్కగారింటికొచ్చి, గుడ్డలు కత్తిరించే బల్ల చుట్టూ మనుషుల్ని కూర్చోబెట్టి ఒక ఆట ఆడిస్తున్నాడు. మాస్టారు గుహలూ భూతాలూ నిధులూ పెట్టి కథ చెబుతాడు. మిగతావాళ్లు ఆ కథలో తలా ఒక మనిషై "నేనిలా చేస్తాను" అంటారు. అది జరిగిందో లేదో పాచిక చెబుతుంది. టౌను బస్సు నడిపే ఆరడుగుల మనిషి ఒకడున్నాడు, అందరూ గేరు అంటారు. ఆటలో అతను నిలువెత్తు ఖడ్గం పట్టిన వీరుడు. దర్జీ భార్య మూలికలిచ్చే యోగిని. దర్జీ మాత్రం అలికిడి లేకుండా నడిచే వేగులవాడు. మొలలో జానెడు బాకు, అంతే.

ఆ బాకు దగ్గరే వచ్చింది తంటా. గేరు ఖడ్గానికి పన్నెండు పలకల పాచిక. బాకుకు నాలుగు పలకలది. గేరు విసిరితే పదకొండు పడేది, దర్జీ విసిరితే రెండు. "అన్నా, నువ్వు ఉల్లిపాయలు తరుగుతూ ఉండు, యుద్ధం మేం చూసుకుంటాం" అనేవాడు గేరు. మూడేళ్లు దర్జీ దాన్ని దిగమింగాడు. పోయిన ఆదివారం కొండంత పామొకటి వచ్చి వేగులవాణ్ణే దిగమింగింది.

"వచ్చే వారం మొదటి పాచికకే పోతావు బావా" అన్నాడు మాస్టారు కాగితాలు సర్దుకుంటూ. "కొత్త మనిషిని రాసుకురా. ఈసారి కాస్త చెప్పుకోదగ్గ ఆయుధం పెట్టుకో."

ఆ వారమంతా దర్జీకి ముద్ద దిగలేదు. చెప్పుకోదగ్గ ఆయుధమట! ముప్పై ఏళ్లుగా వేలెడు సూదితో ఇల్లు నడిపినవాడికి చెప్పే మాటేనా అది? పిట్ట కొంచెం కూత ఘనం అని మాస్టారే కదా పిల్లలకు చెప్పేది? ఏనుగు తొండంలో చీమ దూరితే ఏనుగు ఏ పాచిక విసురుతుంది?

పదింటికి అందరూ లోపలి గదిలో కూర్చున్నారు. మాస్టారు పాచిక చేతిలోకి తీసుకున్నాడు.

"ఆగు" అన్నాడు దర్జీ. "పాము కడుపు ఎంత వెడల్పుంటుంది?"

"మనిషి పట్టేంత."

"అందులో గేరు ఖడ్గం తిరుగుతుందా?"

"గేరు లోపల లేడు కదా బావా."

"ఉంటే?"

"ఉంటే తిప్పుతాను. నా కండ చూశావా?" అన్నాడు గేరు.

"రూలు రూలే బావా. బాకుకు నాలుగు పలకలే" అన్నాడు మాస్టారు.

"ఎవడు రాశాడా రూలు? వాడు ఎప్పుడన్నా పాము కడుపులోకి వెళ్లొచ్చాడా? గోటితో పోయేదానికి గొడ్డలెందుకని పెద్దవాళ్లు ఊరికే అన్నారా?"

దర్జీ భార్య తలెత్తకుండానే అంది. "ఒరే తమ్ముడూ, పామూ చావకుండా కర్రా విరగకుండా ఏదో ఒకటి చెప్పి కానివ్వరా. పదకొండింటికి ఆవిడొస్తుంది."

"ఏదో ఒకటి నాకక్కర్లేదు" అన్నాడు దర్జీ. "న్యాయం కావాలి."

అతను లేచి, మడతపెట్టి ఉన్న పరుపు కవరు తెచ్చి నేల మీద పరిచాడు. తెల్లటి మందపాటి గుడ్డ, అంచులకు జంట కుట్లు, ఒక చివర జిప్పు. "ఇదే పాము" అన్నాడు. మూలనున్న గజం కర్ర తీసి గేరు చేతిలో పెట్టాడు. పని నేర్పిన గురువు ఇచ్చిన కర్ర అది. "ఇది నీ ఖడ్గం. లోపలికెళ్లి తిప్పు. తిరిగితే నా మనిషిని నేనే చంపుకుంటాను. తిరగకపోతే పాము కడుపులో బాకే గొప్పదని మాస్టారు ఒప్పుకోవాలి."

"ఒప్పుకుంటా" అన్నాడు మాస్టారు. లెక్కలు చెప్పేవాడు, రుజువంటే కాదనలేడు.

గేరు నవ్వుతూ కవరులోకి దూరాడు. మాస్టారు జిప్పు లాగాడు. కవరు ఒకసారి ఉబ్బింది, ఇటు పొర్లింది, అటు పొర్లింది. పొర్లినకొద్దీ గుడ్డ మనిషికి చుట్టుకుపోయింది. లోపల టక్కుమని చప్పుడైంది.

"ఏమిటది?" అన్నాడు దర్జీ. మొహం పాలిపోయింది.

"ఖడ్గం విరిగిందన్నా" అంది కవరు. "నన్ను తీయండి. ఉక్కగా ఉంది."

మాస్టారు జిప్పు వెనక్కి లాగాడు. గేరు చొక్కా కొస జిప్పు పళ్లలో ఇరుక్కుని ఉంది. గట్టిగా లాగేసరికి లాగుడు పిడి కాస్తా మాస్టారి చేతిలోకి ఊడొచ్చింది. మిగిలింది మూడు వేళ్లు దూరే సందు.

సరిగ్గా అప్పుడే వీధి గదిలోంచి "దర్జీగారూ!" అన్న కేక వినబడింది.

వీధి గదిలోనే దర్జీ కుట్టు మిషను. రెండు గదులకూ మధ్య ఒక తెర. దర్జీ తెర దించుకుని బయటికొచ్చాడు.

"అయిందా కవరు?" అంది మేనేజరమ్మ, కూర్చోకుండానే.

"అయిందమ్మా. చివరి ఇస్త్రీలో ఉంది."

"ఇస్త్రీ ఎవరు చూస్తారయ్యా? నాక్కావలసింది కుట్టు. ఇంతకుముందాయన కుట్టింది వారానికే నోరు తెరిచింది. నీది కూడా అంతేనా?"

దర్జీకి రోషం పొడుచుకొచ్చింది. పొద్దుటి నుంచి నోట్లో ఆయుధాలే నానుతున్నాయేమో, మాట అటే దొర్లింది. "నా కుట్టునా తల్లీ మీరు అనేది! చాకులూ బాకులూ దాని ముందు బలాదూరు. అది ఊడాలంటే గొడ్డలి తేవాల్సిందే!"

"విన్నాను బావా! రాసుకుంటున్నాను!" అంది తెర వెనక నుంచి ఒక గొంతు.

"ఎవరది?"

"మా బావమరిదమ్మా. రాసుకోవడం వాడికి అలవాటు."

ఇంతలో ఇంకో గొంతు, గోనెలోంచి వచ్చినట్టు. "పాము కడుపులో ఊపిరాడట్లేదన్నా! చచ్చిపోయేలా ఉన్నాను!"

మేనేజరమ్మ కళ్లు పెద్దవయ్యాయి. "పామా?"

"ఆటమ్మా, ఉత్త ఆట."

"మనిషిని పాము మింగితే ఆటంటావా!" అని ఆమె తెర ఓరగా తీసి చూసింది. నేల మీద తెల్లగా, పొడుగ్గా, మధ్యలో ఉబ్బుగా ఏదో మెలికలు తిరుగుతోంది. ఆమె ఇంకేమీ చూడలేదు. ఒక్క ఉదుటున వీధిలో పడి "పాము! మనిషిని మింగేసింది!" అని అరిచింది.

వీధి మంచిది. ఎవరూ ఎంత పామని అడగలేదు. ఎదురింటి ఇస్త్రీ ఆయన బొంగు కర్ర పట్టుకొచ్చాడు. పాలాయన సైకిలు ఆపి బడితె అందుకున్నాడు. పక్కింటావిడ తడిబట్టలు కింద పడేసి దండెం కర్రతో పరిగెత్తుకొచ్చింది. ముగ్గురూ ఒక్కసారే గుమ్మంలో దూరారు. మనుషులు దూరారు గానీ కర్రలు అడ్డం పడ్డాయి. బొంగు కర్ర ఎత్తితే ఫ్యానుకు తగిలింది. బడితె వెనక్కి లాగితే దారపుకండెల అర నేలకూలింది. దండెం కర్ర కొస ఇస్త్రీ ఆయన చంకలో ఇరుక్కుంది.

కట్టుకున్న ఇల్లాలు నెత్తి కొట్టుకుంటోంది. ఇరవై గదుల బేరం వీధిలో నిలబడి వణుకుతోంది. దర్జీకి అవేవీ కనబడలేదు. మూడేళ్ల మంట ఒక్కసారి పైకొచ్చింది.

"చూడరా బావమరిదీ, చూడు! మూడు కర్రలు, మూడూ నిలువెత్తువే! ఒక్కటన్నా తిరుగుతోందా? ఇరుకులో పొడుగాయుధం తనవాణ్ణే పొడుస్తుందని మొత్తుకుంటే విన్నావా?"

"ముందు పామెక్కడో చెప్పు నాయనా!" అన్నాడు ఇస్త్రీ ఆయన చంక పట్టుకుని.

తెర వెనక మాస్టారు మాత్రం అప్పటికి లెక్కలు మానేశాడు. కత్తిరించే బల్ల మీద కుట్లు విప్పే కత్తి కనబడింది. చిటికెన వేలంత ఉంటుంది, కొన చీలి ఉంటుంది. దాన్ని ఆ మూడు వేళ్ల సందులోంచి లోపలున్న గేరు చేతికి అందించాడు. పర్‌ర్‌ర్‌మని ఒక పొడుగాటి శబ్దం వచ్చింది. అర నిమిషంలో తెర పక్కకు పోయి గేరు వీధి గదిలోకి వచ్చి పడ్డాడు. ఒళ్లంతా చెమట, నడుముకు కవరు, చేతిలో బుల్లి కత్తి.

"అన్నా! నీ కాళ్లకు దణ్ణం! ఈ బుడ్డ కత్తి లేకపోతే ఇవాళ నా పని అయిపోయేది!"

వెనకే మాస్టారు వచ్చాడు. "ఒప్పుకున్నాను బావా. బాకే గొప్పది. పాము చచ్చింది!"

చచ్చిందన్న మాట విని మేనేజరమ్మ మెల్లిగా గుమ్మంలోకి వచ్చింది. గేరు నడుముకున్న గుడ్డ పట్టుకుని, అంచు పొడుగునా వేలు పోనిచ్చింది.

"ఇది నా కవరు కదూ?"

"గొడ్డలి తేవాలన్నావు" అంది. "ఒక్క మాట చెప్పు దర్జీ. నీ కుట్టు చచ్చుదా, ఆ కత్తి గట్టిదా?"

మాస్టారు పెన్సిలు ఎత్తి పట్టుకున్నాడు. కుట్టు గట్టిదని నిలబెడితే, చాకులూ బాకులూ బలాదూరన్న తన మాటే మాస్టారి కాగితం మీద ఉంది, బాకు గెలుపు చెల్లదు, వేగులవాడు పోతాడు. కుట్టు చచ్చుదంటే ఇరవై గదులు పోతాయి. దర్జీ అటు చూశాడు, ఇటు చూశాడు, గేరు చేతిలోని కత్తి లాక్కున్నాడు.

"కుట్టు గట్టిదేనమ్మా. కత్తే అంతకన్నా గట్టిది. ఆ మేరకు మాట తూలాను, నాదే తప్పు. కుట్టిందీ నేనే, కత్తీ నాదే. నన్ను ఓడించడానికి కూడా నా సామానే కావాల్సొచ్చింది. ఇక మీ ఇష్టం!"

మేనేజరమ్మ ఊడకుండా మిగిలిన కుట్టును ఒకసారి గట్టిగా లాగి చూసింది. "సాయంత్రానికి మూడు వరసలు వేసివ్వు. జిప్పొద్దు, బొత్తాలు పెట్టు. ఇరవై గదుల సంగతి అది చూశాక" అని వెళ్లిపోయింది.

మాస్టారు కాగితం మీద రాసుకుంటున్నాడు. "పాము చచ్చింది. చంపినవాడు, గేరు."

"గేరా!" దర్జీ గొంతు వీధి చివరికి వినబడింది.

"కడుపు చీల్చుకుని వచ్చింది అతనే కదా బావా. రుజువు రుజువే. నీ మనిషిని ఆ దారినే బయటికి తెస్తాలే, బెంగపడకు."

"ఖడ్గం అమ్మేస్తాను మాస్టారూ" అన్నాడు గేరు. "నాకు రెండు బాకులు రాయండి."

పామూ చచ్చింది, కర్రా విరిగింది, దర్జీ మాత్రం పొద్దుగూకేదాకా చచ్చిన పాముకు కుట్లు వేస్తూ కూర్చున్నాడు.