జిల్లేడు పెండ్లి

చౌటుప్పల్ దగ్గరి మా ఊళ్లో మొన్నామధ్య ఒక ఆదివారం శ్రీ విజేందర్ గారికి, ఒక జిల్లేడు చెట్టుకు పెద్దల సమక్షంలో వివాహం జరిగిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం.

విజేందర్ గారు ప్లాట్ల వ్యాపారి, ప్రకృతి ప్రేమికులు. ఆ ప్రేమతోనే ఊరి చుట్టూ ఉన్న జిల్లేడు పొదలన్నీ జేసీబీతో పెళ్లగించి ప్లాస్టిక్ గడ్డి పరిపించారు. జిల్లేడాకుల మీద గుడ్లు పెట్టుకునే సీతాకోకచిలుకలనూ మరవలేదు. ప్రహరీ గోడ మీద వాటి బొమ్మలు వేయించారు.

వారి భార్యలిద్దరూ కాలం చేశారు. మూడో పెండ్లి అచ్చిరాదు కనుక ముందు జిల్లేడును పెండ్లాడి నరికేస్తే, వారు చూసుకున్న పిల్ల స్వర్ణలత నాలుగో భార్యగా చల్లగా ఉంటుందని పంతులు గారు సెలవిచ్చారు. "చెట్టు పెండ్లి గాంది నా బిడ్డనియ్య" అని పిల్ల తల్లి నిర్మలమ్మ పట్టుబట్టింది.

ఊరంతా గాలిస్తే జిల్లేడు ఒక్కచోటే దొరికింది. అది రైతు సైదులు రెండెకరాల చెలక. విజేందర్ గారు ఆ చెలక తనదంటే, సైదులు కోర్టుకెక్కి స్టే తెచ్చుకున్నాడు. జేసీబీ రాలేని జాగా అదొక్కటే. మా మండలంలో ప్రకృతి పరిరక్షణ అప్పటికి వాయిదాల మీద నడుస్తున్నది.

చెట్టుకు తండ్రిగా కన్యాదానం చేసే మనిషి కూడా కావాలి. సైదులు పిచ్చి మంచివాడు. "శుభకార్యం గదా, రాండ్రి. గని నా చేతుల మీద పెండ్లి చేసినంక నరుకుడు మాత్రం వద్దు" అన్నాడు.

"నరుకుతనా మామా! నీ బిడ్డను కండ్లల్ల వెట్టుకుంట" అన్నారు విజేందర్ గారు. ఒక ఆకు తుంచినా నరికినట్టేనని పంతులు గారు శాస్త్రం సవరించారు. సైదులు వరుడి కాళ్లు కడిగి, నీళ్లు ధారపోసి, జిల్లేడును అప్పగించాడు. "ప్రకృతిని ప్రేమిస్తె సరిపోదు, పెండ్లి చేసుకోవాలె!" అని వరుడు ప్రసంగించారు. చప్పట్లు కొట్టాం. మటన్ బాగుంది.

మర్నాడే విజేందర్ గారు ఫొటోలతో కోర్టుకు వెళ్లారు. మామ తన చెలకను అల్లుడికి ధారపోశాడని విన్నవించారు. సాక్షులం మేమే.

"ధారపోయడం చూశారా?" అని జడ్జి గారు అడిగారు.

అబద్ధం మా ఇంటా వంటా లేదు. చూశామన్నాం. ఏం ధారపోశాడని ఎవరూ అడగలేదు. అడగనిది చెప్పడం మర్యాద కాదు.

స్టే పోయింది. జేసీబీ వచ్చి శాస్త్రంలో మిగిలిన పని కూడా పూర్తి చేసింది.

సైదులు గట్టు మీద నిలబడి మమ్మల్ని అడిగాడు. "మీరందరు చూస్తిరి గదనే, నేనిచ్చింది చెట్టునే గద?"

"అవు సైదులూ, చెట్టునే" అన్నాం. నిజం చెప్పడానికి మాకేం భయం? చెప్పేసి, తూర్పు ముఖం ప్లాట్లు ఎటువైపున్నాయో చూడ్డానికి లోపలికి నడిచాం.