పన్నెండున్నర లక్షల కోట్ల ఎలక్ట్రాన్లు

క్రిస్మస్ దగ్గరపడితే అందరికీ కేకు గుర్తొస్తుంది, నాకు సున్నం బకెట్టు గుర్తొస్తుంది. గనులు మూతపడ్డాక కేజీఎఫ్‌లో మా కార్మికుల లైను ఇళ్లకు సున్నం కొట్టించే కంపెనీ లేదు. ఆ పని నా నెత్తిన పడింది.

నేను ఫిజిక్స్ ట్యూషన్లు చెబుతాను. పిల్లలు నన్ను ఫార్ములా రాజు అంటారు. ఆ ఉదయం నైలాన్ దుప్పటి విదిలించుకుని లేచి, మా ఆవిడ జూలియా అందించిన స్టీలు గ్లాసు ముట్టుకోగానే ఇద్దరికీ చురుక్కుమంది. వెంటనే నాకొక ఉపాయం తట్టింది.

“నా ఒంట్లో కరెంటు చేరిందే. నిచ్చెన మీద షాక్ కొడితే పడిపోతాను. ఈపొద్దు సున్నం పని కాదు.”

“ఎంత చేరిందో?”

“రెండు మైక్రోకూలుంబులు అనుకో. ఒక్క ఎలక్ట్రాన్‌కుండే చార్జితో భాగిస్తే... పన్నెండున్నర లక్షల కోట్ల ఎలక్ట్రాన్లు!”

“అన్ని లక్షల కోట్లు ఒంట్లో పెట్టుకొని, నిన్న టమోటాలకు అంతసేపు బేరమాడినావా?”

“అవి దుప్పట్లోంచి వచ్చినాయే! దుప్పటి పోగొట్టుకునింది, నాకు చార్జ్ ఎక్కింది.”

ఆ మాట వంటింట్లో ఉన్న మా అత్త ఎస్తరమ్మ చెవిన పడింది. మామగారు గనిలో బ్లాస్టింగ్ చేసినాయన. వాళ్లింట్లో చార్జ్ అంటే రాతి బొక్కలో కూరే డైనమైటు.

“అయ్యో ఏసయ్యా! అల్లుడికి చార్జ్ ఎక్కించినారంట! అందరూ బయటికి రండప్పా!”

లైనంతా వీధిలోకి వచ్చేసింది. పక్కింటి జెరాల్డ్ సగం గీసుకున్న గడ్డంతో దూరాన్నుంచే అడిగాడు: “ఫ్యూజు వత్తి యాడ పెట్టినారమ్మా?”

నేను బయటికొచ్చి ఒక అడుగు వేస్తే జనం నాలుగడుగులు వెనక్కి వేశారు. జూలియా కూడా చేతులు వెనక్కి దాచుకుంది. అప్పుడు మాత్రం నాకు నిజంగానే భయమేసింది. సున్నం మాట దేవుడెరుగు, ఇక ఈమె నన్ను ముట్టుకోదా?

“పేలని చార్జి మీద నీళ్లు కొట్టల్ల!” అంది అత్త. జూలియా బకెట్టుడు చన్నీళ్లు నా నెత్తిన కుమ్మరించింది. చలికి నా పళ్లు టకటకలాడుతుంటే, దగ్గరికొచ్చి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. చురుక్కుమనలేదు. పోయిన ప్రాణం లేచొచ్చింది.

“నీకు భయం లేదా?”

“తడిస్తే చార్జ్ నిలవదని పిల్లలకి నువ్వే చెప్తావు గదా, నేను విననా? ఇంగ చెప్పు, ఎన్ని మిగిలినాయి?”

“సున్నా!” అన్నాను సంతోషం పట్టలేక.

“సున్నమా? కలిపే పెట్టినాను, రా.”

పట్టుకున్న చెయ్యి వదలకుండానే నిచ్చెన దాకా నడిపించుకుపోయింది.