టెలిస్కోపుకు గోగులంకలో హాల్టు

అంతరిక్షంలో తిరిగే ఎక్స్‌రే టెలిస్కోపుకు గోగులంకలో హాల్టు సాధించేదాకా నిద్రపోనని పశుసంవర్ధక శాఖ మంత్రి మంగరాజు గారు జూనియర్ కాలేజీ ఆవరణలో జెండా ఎగరేసి మరీ ప్రకటించారు. అది 2000 జనవరి ఇరవయ్యారు. కిందటి జూలైలో అమెరికా వాళ్లు ఒకటి పంపారు, డిసెంబరులో యూరప్ వాళ్లు ఇంకోటి పంపారు.

"ఆర్నెల్లలో రెండు వెళ్లాయండి! మొదటిదానికి మన దేశంలో పుట్టిన సైంటిస్టు పేరే పెట్టేరు. మనవాడి పేరు పెట్టుకుని మన నెత్తి మీంచి ఆగకుండా పోవడం ఏం మర్యాదండీ? మూడోదాన్ని నేను ఆపి తీరతాను!"

జనం చప్పట్లు కొట్టారు. కోనసీమలో రైలు లేదు కనక, హాల్టు కోసం పోరాడే భాగ్యం అంతవరకూ ఏ నాయకుడికీ దక్కలేదు. ఆ లోటు మంగరాజు గారి హయాంలో తీరింది. తరవాత వందన సమర్పణ సాగుతుండగా ఆయన వేదిక మీదే గుర్రు పెట్టారు.

కాలేజీలో ఫిజిక్స్ చెప్పే సుందరరావు ఆ గుర్రు విని చేతిలోని అర్జీని మడిచి జేబులో పెట్టుకున్నాడు. అది పదకొండోది. తొంభయ్యారు తుఫానుకి ఫిజిక్స్ లేబ్ రేకులన్నీ లేచి ఎవరి కొబ్బరితోటలోనో పడ్డాయి. అప్పట్నుంచీ లేబ్ అంటే నాలుగు గోడలూ ఆకాశమూను. వచ్చే జూలైలో తనిఖీ బృందం వస్తుంది. అప్పటికి లేబ్‌కు కప్పు లేకపోతే సైన్సు గ్రూపులు ఎత్తేస్తారు. మగపిల్లలు పంటు ఎక్కి ఏరు దాటి ఎక్కడో చదువుకుంటారు. ఇరవై ఏడుమంది ఆడపిల్లల్ని మాత్రం ఇళ్లల్లో కూర్చోబెట్టేస్తారు. సుందరరావుకి ఆ సంగతి తెలుసు. వాళ్ల నాన్నలు అతని మొహం మీదే చెప్పారు.

మర్నాడు సుందరరావుకి గెస్ట్‌హౌస్ నుంచి పిలుపు వచ్చింది. మంత్రిగారు పెసరట్టు తింటున్నారు. పక్కన పి.ఏ. వీరవెంకటరమణ డైరీ పట్టుకు నిలబడ్డాడు.

"మేష్టారూ, మీది ఫిజిక్సంట కదా. అది మన ఊళ్లో ఎంతసేపు ఆగితే బాగుంటుందంటారు?"

"ఆగదండి. తిరుగుతున్నంతసేపే పైన ఉంటుందండి. ఆగితే పడిపోద్దండి."

"పడితే మన నియోజకవర్గంలోనే పడుద్దా?"

"చెప్పలేమండి."

"అయితే ఒద్దు, అవతల పార్టీవోళ్లు ఎత్తుకుపోతారు. కిందే కట్టించేద్దాం. పదెకరాల తోట ఉంది నాకు."

"కింద పెడితే ఏమీ కనపడదండి. నక్షత్రాల నుంచి వచ్చే ఎక్స్‌రే కిరణాలు మన దాకా రావండి. గాలి మింగేస్తుందండి. అందుకే గాలి లేని ఎత్తుకి పంపేరు."

"గాలే కదా అడ్డం? కలెక్టరు గారితో నేను మాట్లాడతాను," అన్నారు మంత్రిగారు.

పి.ఏ. రాసుకున్నాడు. సుందరరావు ఓపిక పట్టాడు. పాఠం చెప్పేవాడి జబ్బు ఎక్కడికి పోతుంది?

"టెలిస్కోపులో అద్దానికి ఎదురుగా వస్తే ఆ కిరణం దూసుకుపోద్దండి. కాలవ మీద పెంకుముక్క ఏటవాలుగా విసిరితే గెంతుకుంటూ పోద్ది చూడండి, అలాగ అద్దాన్ని రాసుకుంటూ పోయేలా గొట్టంలో గొట్టం అమర్చేరండి."

"పెంకులు విసరడంలో చిన్నప్పుడు నన్ను కొట్టినోడు లేడు!"

'ఈ రంగంలో మంత్రిగారికి బాల్యం నుంచీ అనుభవం' అని పి.ఏ. రాసుకున్నాడు.

అప్పుడు తట్టింది సుందరరావుకి. "టెలిస్కోపు పైనే ఉంటుంది గానండి, అది పంపే బొమ్మలు చూసుకోవడానికి కింద ఒక గది కావాలండి. మా లేబ్ సరిపోతుందండి. రేకులు వేయిస్తే చాలండి," అన్నాడు. పూర్తిగా అబద్ధం కాదు. అయినా సిగ్గేసింది. ఇరవై ఏడు మొహాలు గుర్తొచ్చి ఆ సిగ్గును దిగమింగాడు.

"ఆయ్! వేయించేద్దాం," అన్నారు మంత్రిగారు.

ఫిబ్రవరిలో జపాన్ వాళ్లు పంపిన ఎక్స్‌రే టెలిస్కోపు కక్ష్యకు చేరకుండానే పోయింది. గోగులంకకు హాల్టు ఇవ్వకుండా బయల్దేరిన ఫలితమని పి.ఏ. విలేకరులకు వివరించాడు. మన దేశం వాళ్లు కూడా ఒకటి పంపాలని ఆలోచిస్తున్నారని తెలిసి, మంత్రిగారు శంకుస్థాపనకు జూన్‌లో ముహూర్తం పెట్టించారు. ఆకాశంలో తిరిగేదానికి భూమిలో శంకుస్థాపన ఏమిటని అడిగే తెలివితక్కువవాడు ఊళ్లో ఎవడూ లేకపోయాడు.

చెప్పిన మాట ప్రకారం రేకులు పంటు మీద వచ్చాయి. సుందరరావు రేవుకి వెళ్లి ఒక్కో రేకునీ తడిమి చూసుకున్నాడు. ఆ రాత్రి మూడేళ్ల తరవాత కడుపునిండా అన్నం తిన్నాడు.

శంకుస్థాపన ముందురోజు జల్లు పడింది. 'భావి ఎక్స్‌రే టెలిస్కోపు హాల్టు' అని కాలేజీ ఆవరణలో నిలబెట్టిన రాయి మీద వేసిన బంగారు రంగు కారిపోయి మంత్రిగారి పేరులో సగం మిగిలింది. వీరవెంకటరమణ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. గంటలో నాలుగు స్తంభాలు పాతించి, లేబ్ కోసం వచ్చిన రేకుల్ని ఆ రాతి మీద కప్పించాడు.

"అవి లేబ్‌వండీ!" అని సుందరరావు పరిగెత్తుకొచ్చాడు.

"లేబ్‌కి పేరు లేదు కదండీ మేష్టారూ, కారిపోడానికి!"

మర్నాడు మంత్రిగారు మైకు ముందు మరింత ఎదిగిపోయారు. "గాలే అడ్డమైతే కప్పు అడ్డం కాదాండీ? రాబోయే టెలిస్కోపులు ఇంకా పెద్దవి. వాటిని దృష్టిలో పెట్టుకునే ఈ లేబ్‌ను మూడేళ్లుగా కప్పు లేకుండా కాపాడుకుంటూ వచ్చేను!" చప్పట్లు మోగాయి. తుఫాను చేసిన పని కూడా ఆయన ఖాతాలోనే పడింది.

వారం తిరక్కుండా వాన అందుకుంది. పిల్లలు తడుస్తున్న మీటర్ బ్రిడ్జినీ బేటరీలనూ ఎత్తుకుని రాతి పందిట్లోకి పరిగెత్తారు. కాపలా కానిస్టేబులు నూకయ్య లాఠీ అడ్డం పెట్టాడు.

"ఇందులోకి రాకూడదండి. పై నుంచి ఆర్డరండి."

"పిల్లలు తడిసిపోతున్నారయ్యా నూకయ్యా!" అన్నాడు సుందరరావు.

"పిల్లలు ఆరతారండి మేష్టారూ. రాయి తడిస్తే అక్షరాలు పోతాయండి."

సుందరరావుకి ఒళ్లు మండిపోయింది. ఆ మంటలోనే ఒక వెలుగు కూడా కనపడింది. రాయి ఎక్కడుంటే రేకులు అక్కడుంటాయి. గదిలోకి వెళ్లి పన్నెండో అర్జీ రాశాడు. మంత్రిగారి పేరు ఎండకూ వానకూ గురికావడం చూసి ఉపాధ్యాయుల మనసులు తల్లడిల్లుతున్నాయని, దయతో ఆ రాతిని లేబ్ మధ్యలోకి మార్పించమని వేడుకున్నాడు.

మూడేళ్లలో పదకొండు అర్జీలకు రాని జవాబు దీనికి మూడోరోజే వచ్చింది. రాయి లేబ్ నడిమధ్యకు చేరింది. దాని మీద గోడ నుంచి గోడకు రేకులు పడ్డాయి. సుందరరావు ఆనందం పట్టలేక నూకయ్యకు కొబ్బరిబొండం కొట్టించి ఇచ్చాడు. సాయంత్రం వీరవెంకటరమణ వచ్చి తలుపుకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని పంటు ఎక్కాడు.

తనిఖీ బృందం కుండపోత వానలో వచ్చింది. పెద్దాయన కిటికీలోంచి తొంగిచూసి, "కప్పు బాగుంది. గ్రూపులు కొనసాగించవచ్చు," అని రాసి సంతకం పెట్టారు. సుందరరావు చేతులు జోడించాడు. వెనక్కి తిరిగిన పెద్దాయనకు మీటర్ బ్రిడ్జికి గొడుగు పట్టి, తాను తడుస్తూ నిలబడ్డ సైన్సు గ్రూపు పిల్ల సత్యవేణి కనపడింది. ఆమె వెనకాల మిగతా ఆడపిల్లలు.

"మీరంతా బయట ఎందుకున్నారమ్మా?"

"లోపల టెలిస్కోపు ఆగుతుందటండి," అంది సత్యవేణి. "అది వచ్చి వెళ్లేదాకా మమ్మల్ని బయట ఉండమన్నారండి."