అసిరమ్మకు ఇల్లు మంజూరైంది

జీడివలసలో సొంత ఇల్లు లేనివాళ్లు చనిపోవడం కుదరదు.

ఇది చట్టమేమీ కాదు. దీనికోసం ఎవరూ దండోరా వేయించలేదు. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు ఓనర్లు చెప్పే నాలుగు మాటల్లో ఇది చివరిది, అంతే. నీళ్లు పొద్దున పూటే వస్తాయి. కరెంటు బిల్లు మీదే. గోడలకు మేకులు కొట్టకూడదు. చావులు మాత్రం కుదరవు. మొదటి మూడింటి దగ్గర కాస్తో కూస్తో బేరం నడిచేది. నాలుగోదాని దగ్గర ఎవరూ నోరెత్తేవారు కాదు. చెడ్డ నక్షత్రంలో శవం లేచిన ఇంటికి నెలల తరబడి తాళం వేసి ఉంచాలి. తాళానికి అద్దె ఎవరిస్తారు?

ఒకప్పుడు అద్దెవాళ్లు ఆఖరి ఘడియలో ఉన్న మనిషిని మంచంతో సహా రోడ్డు పక్కకు మోసుకొచ్చి, పైన టార్పాలిన్ కట్టి, అక్కడే సాగనంపేవారు. తర్వాత రోడ్డు వెడల్పు చేశారు. రాకపోకలకు అడ్డంగా ఉంటున్నాయని మున్సిపాలిటీవాళ్లు మంచాలు తీయించేశారు. ఇక ఇంట్లో చోటు లేదు, వీధిలోనూ లేదు. దాంతో జీడివలసలో అద్దెవాళ్లు చనిపోవడం మానేశారు. మొదట్లో డాక్టర్లు కంగారుపడ్డారు. తర్వాత వాళ్లకూ అలవాటైపోయింది.

దుంపల అసిరమ్మ ప్రాణం మొదటిసారి పోబోయింది వినాయక చవితినాడు. జగ్గారావుగారి మేడ వెనక రేకుల గదిలో కొడుకు పోలయ్య, కోడలు తవిటమ్మలతో కలిసి ఉండేదావిడ. పోలయ్య జీడిపప్పు మిల్లులో బస్తాలు మోస్తాడు. తవిటమ్మ అదే మిల్లులో పిక్కలు కొడుతుంది. పిక్కల్లోంచి కారే ఘాటు పాలు అంటీ అంటీ ఆమె వేళ్ల కొసలు కాలిన కర్రల్లా ఉంటాయి.

డాక్టరు వచ్చాడు. నాడి దొరకలేదు. కనురెప్ప ఎత్తి చూశాడు.

"ఇల్లు సొంతమేనా?"

"అద్దె బాబూ," అన్నాడు పోలయ్య.

"అలా చెప్పరేం మరి? భయపడ్డాను," అని డాక్టరు స్టెతస్కోపు మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

ఆయన అనుకున్నట్టే అయింది. అసిరమ్మ ఊపిరి గుమ్మం దాకా వెళ్లి, అది అద్దె గుమ్మమని గుర్తుపట్టి, చెప్పులు విప్పినంత నెమ్మదిగా వెనక్కి వచ్చేసింది. ఆవిడ కళ్లు తెరిచి చుట్టూ చూసి, "ఇంకా ఇక్కడేనేటి?" అంది.

అప్పటినుంచి ఏడాదికి రెండు మూడుసార్లు అలా జరుగుతూనే ఉంది. పొరుగున ఉన్న ముసలివాళ్లదీ అదే దారి. సాయంత్రాలు అరుగుల మీద చేరి, ఎవరు ఎంత దూరం వెళ్లి వచ్చారో చెప్పుకునేవారు. జగ్గారావుగారి తండ్రి మేడ మీద పట్టెమంచంలో దర్జాగా కన్నుమూసిన రోజున వాళ్లంతా తలలు పైకెత్తి చూస్తూ నిలబడిపోయారు.

"అదురుష్టం," అంది అసిరమ్మ. "సొంత మేడ. పిలిస్తే పలికినట్టు పోనాడు."

ఆవిడకు బతుకు మీద కోపం లేదు. తినవలసింది తిన్నది, చూడవలసింది చూసింది. ఇక మిగిలిన కోరిక ఒక్కటే. ఆవిడ మొగుడు రోడ్డు పక్కనే పోయాడు, అదీ జోరు వానలో. లారీ హారన్ కొట్టిన ప్రతిసారీ మంచం జరపాల్సి వచ్చింది. చివరికి ఆయన తల ఎక్కడ ఆనిందో ఎవరికీ తెలియక, పది రోజుల దీపం ఎక్కడా పెట్టలేదు. తన తల ఆనినచోట మాత్రం దీపం వెలగాలి. దాన్ని కాలితో తన్నే ఓనరు ఉండకూడదు. అంతే.

అందుకే గృహ మండలికి దరఖాస్తు పెట్టారు. మండలి పేదలందరికీ ఇళ్లు కడుతుంది. అయితే రాష్ట్ర పటాన్ని కింది నుంచి పైకి చదువుతుంది. ఇటుకలు దక్షిణాన బయలుదేరతాయి. ఒక్కో జిల్లా దాటుతూ, ఒక్కో నాయకుడికి నమస్కారం పెట్టుకుంటూ వస్తాయి. ఉత్తరాన ఈ కొసకు చేరేసరికి బస్తాల్లో ఇసుక, మనుషుల్లో ఓపిక మాత్రమే మిగులుతాయి. అలా చాలా ఏళ్లు గడిచాయి. చనిపోలేని వాళ్లు ఊరికి మరీ ఎక్కువైపోయాక, మండలి 'గడువు దాటినవారు' అని ఒక కొత్త కేటగిరీ పెట్టింది.

విచారణకు మండలి ఇంజనీరు కృపావరం వచ్చాడు. నెమ్మదైన మనిషి. మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

"మామ్మగారూ, మీది ఎప్పట్నుంచి పెండింగు?"

"మా ఆయన పోయినకాడి నుంచీ మూట కట్టుకుని కూకున్నాను బాబూ. ఇల్లే నేదు."

"ఇల్లిచ్చాక ఆలస్యం చేస్తే మాత్రం బాగుండదు. మీ వెనక చాలామంది ఉన్నారు."

"ఓలమ్మ, నాకెందుకు ఆలీసం? తాళం సేతిలో ఎట్టు, ఆ పూటే బేగి ఎలిపోతాను."

కృపావరం సంతోషించాడు. లబ్ధిదారులందరూ ఇంత సహకరిస్తే తన పని ఎంత తేలికయ్యేదో అనుకున్నాడు.

ఇల్లు వచ్చింది. ఊరికి ఉత్తరాన, కొండ మొదట్లో కొత్త కాలనీ. ఒక గది, వంటకు ఓ మూల, ఒక కిటికీ, ముందు చిన్న వరండా. అసిరమ్మను ఆటోలో తీసుకొచ్చారు. ఆవిడ కర్ర పట్టుకుని గది నాలుగు మూలలూ తిరిగింది. గోడలకు చెయ్యి ఆనించి చూసింది. కిటికీలోంచి కొండ గాలి ఎక్కడ తగులుతుందో చూసుకుని, ఆ చోట పసుపుతో చిన్న గుండ్రం గీసింది.

"ఇక్కడ నా తలకాయ. దీపం ఇక్కడెట్టాల. గాలొస్తే కిటికీ మూసీ, మరిసిపోకు."

"అలాగే అత్తా," అంది తవిటమ్మ. ఆమె ధ్యాస వేరేచోట ఉంది. పెళ్లయ్యాక ఆమె ఏ గోడకూ మేకు కొట్టింది లేదు. కొట్టనిచ్చిందెవరు? ఉదయమే మిల్లు దగ్గర మేకులు కొని కొంగుకు కట్టుకొచ్చింది. పాలు పొంగించడం కాగానే సుత్తి తీసి మొదటి మేకు కొట్టింది. దానికి అద్దం తగిలించింది. రెండోదానికి సంచి. మూడో మేకుకు తగిలించడానికి ఇంట్లో ఇంకేమీ లేదు. అయినా కొట్టింది.

"ఏటే, గోడ పడగొడతావేటి?" అని పోలయ్య నవ్వాడు.

"నా గోడ, నా ఇష్టం," అందామె.

చుట్టాలు వచ్చారు. వచ్చినవాళ్లు శుభకార్యానికి తెచ్చినవి ఒక చేత్తో, కర్మకాండకు తెచ్చినవి ఇంకో చేత్తో పట్టుకున్నారు. అందరూ గృహప్రవేశపు పులిహోర తిన్నారు. అసిరమ్మ కొత్త చీర కట్టుకుంది. పసుపు గుండ్రం మీద తల ఆనించి పడుకుంది. అందర్నీ పేరుపేరునా పలకరించి, ఒక ముసలి వియ్యపురాలితో పాత తగువు కూడా తీర్చేసుకుని, కళ్లు మూసుకుంది. ఊపిరి బయలుదేరింది. గుమ్మం దగ్గర ఆగి చూసింది. సొంతమే. ఒక కాలు గడప దాటించింది.

సరిగ్గా అప్పుడే కృపావరం వరండాలోకి వచ్చాడు. ఆఖరి ఘడియ కదా అని గొంతు తగ్గించే మాట్లాడాడు.

"పోలయ్యా, తొందరేం లేదు. పదకొండో రోజు కార్యం చేసుకుని, సామాన్లు సర్దుకుని తాళం ఆఫీసులో ఇచ్చెయ్యి."

"తాళమేటి బాబూ?"

"ఇల్లు మామ్మగారి పేరన కదా. ఒక ఇంటికి ఒక చావు మంజూరు. అది వాడేసుకున్నాక ఇల్లు వెనకవాళ్లకి. ఇంత తక్కువ ఖర్చులో అందరికీ ఇళ్లు రావాలంటే ఉన్నవాటినే తిప్పాలి. లేకపోతే ఎక్కణ్ణుంచి తెస్తాం?"

అందులో పోలయ్యకు తప్పు కనబడలేదు. వెనక ఉన్నవాళ్లూ మనుషులే. "మరి మావు?" అని మాత్రం అడిగాడు.

"మీకు వయసుంది. మీకింకా చనిపోయే అవసరమే రాలేదు. అవసరం వచ్చినప్పుడు పెట్టుకోండి, పరిశీలిస్తాం," అన్నాడు కృపావరం దయగా.

పోలయ్య లోపలికి వచ్చి భార్య చెవిలో చెప్పాడు. తవిటమ్మ చుట్టాలకు వీపు తిప్పి గోడ దగ్గరికి వెళ్లింది. తగిలించడానికి ఏమీ లేని ఆ మూడో మేకును సుత్తి వెనక కొసతో చప్పుడు కాకుండా పీకసాగింది. కొత్త సిమెంటు గట్టిగా పట్టేసింది. మేకు కిర్రుమంది.

గడప మీద ఒక కాలుతో ఉన్న ఊపిరికి ఆ చప్పుడు వినబడింది.

అసిరమ్మ కళ్లు తెరిచింది. "ఏటే తవిటీ, అదెందుకు పీకతన్నావు?"

"ఎల్లిపోవాల కదత్తా."

"ఎవులెల్లిపోవాల?"

తవిటమ్మ చెప్పింది. చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. అసిరమ్మ తల కింది పసుపును వేలితో తడిమి చూసింది. తర్వాత కోడలి నల్లటి వేళ్లకేసి చూసింది. కాసేపటికి మోచేతి మీద లేచి కూర్చుంది.

"పీకకు. మళ్లీ కొట్టీ. కొట్టినాక టీ ఎట్టు."

చుట్టాలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కృపావరం గుమ్మంలోంచి తల లోపలికి పెట్టాడు.

"మామ్మగారూ! మీరు మాటిచ్చారు."

"ఇచ్చినాను బాబూ. ఎల్నని సెప్పినానేటి? ఎల్తాను. ఈయేల నచ్చత్రం బాగోనేదు."

"మరి ఎప్పుడు బాగుంటుంది?"

"నానేటి పంతుల్నా? నువ్వూ టీ తాగీసి ఎల్లు."

కృపావరం చేసేదేమీ లేదు. ఇల్లు అమ్ముకుంటే పంపాల్సిన నోటీసు ఉంది. అద్దెకిస్తే పంపాల్సినదీ ఉంది. బతికి ఉన్నందుకు పంపాల్సిన నోటీసును మండలి ఇంకా అచ్చు వేయించలేదు. ఆయన టీ తాగి, బాగుందని చెప్పి వెళ్లిపోయాడు.

ఈ సంగతి కాలనీ అంతా పాకింది. పక్క ఇంట్లో ఆ సాయంత్రమే పోవలసిన తాతగారు కూడా లేచి బీడీ అడిగాడు. అలా వరసగా ప్రతి ఇంట్లోనూ ఒక ముసలి ప్రాణం గడప దాకా వెళ్లి, లోపల పిల్లలు నిద్రపోతున్న తీరు చూసి వెనక్కి వచ్చింది. ఇల్లు లేక చావలేనివాళ్లు ఇప్పుడు ఇల్లుండి చావడం లేదు. పగలు ఏ వరండాలో చూసినా ఒక ముసలి మనిషి కుర్చీలో కూర్చుని ఉంటుంది. తాళం కప్ప తలుపును పట్టుకున్నట్టు ఆ మనిషే ఇంటిని పట్టుకుని ఉంటుంది. కొడుకులు వేళకు మందులిస్తున్నారు. కోడళ్లు నూనె తక్కువ వేసి కూరలు వండుతున్నారు. అత్తకు తుమ్ము వచ్చిందంటే వీధి వీధంతా పరుగెత్తుకొస్తుంది. ఇంత మర్యాద అసిరమ్మ పెళ్లికూతురిగా ఉన్నప్పుడు కూడా చూడలేదు.

ఏడాది తిరిగేసరికి ఉత్తర ప్రాంతంలో మనుషులు రాష్ట్రంలో అందరికంటే ఎక్కువ కాలం బతుకుతున్నారని తేలింది. దక్షిణం నుంచి పెద్ద అధికారులు వచ్చి చూశారు. కొండ గాలి పీల్చారు, వరండాల్లో ముసలివాళ్లతో ఫొటోలు దిగారు. ఇంత హాయిగా బతుకుతున్నవాళ్లకు ఇంకా ఇళ్లెందుకని రాసుకుని వెళ్లారు. రెండో విడత ఇటుకలు దారి మధ్యలోనే ఆగిపోయాయి.

ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం అసిరమ్మ వరండా ముందు ఆటో ఆగింది. ఒక మొగుడూ పెళ్లాం దిగారు. వాళ్ల వెనక దుప్పటి కప్పుకుని ఒక ముసలాయన దిగాడు. పేరు గొర్లె బైరాగి. అసిరమ్మవాళ్లు ఖాళీ చేశాక వీళ్లు దిగిన రేకుల గదిని జగ్గారావుగారు పడగొట్టి మేడకు మెట్లు కట్టిస్తున్నారట. ఖాళీ చేసి వచ్చేశారు. వరండాకు తడికలు కట్టుకుని ఉంటామని, ఎంత అడిగితే అంత ఇస్తామని అన్నారు.

పోలయ్య తల్లి వైపు చూశాడు. తవిటమ్మ అప్పటికే తడిసిన మూటలు లోపలికి తీసుకుంటోంది.

"నీల్లు రెండు పూట్లా వొస్తాయి," అంది ఆమె. "కరెంటు సెరి సగం ఏసుకుందుము. మేకులు ఎన్ని కావాలంటే అన్ని కొట్టుకోండి."

బైరాగి గదిలోకి తొంగి చూశాడు. నేల మీద పసుపు గుండ్రం కనబడింది. అసిరమ్మ దాన్ని ప్రతి శుక్రవారం చెరిపి మళ్లీ గీస్తుంది. అది ఏమిటో ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. చలికి వణుకుతున్న మనిషి పొయ్యికేసి చూసినట్టు దానికేసి చూశాడు.

"మంచి సోటప్పా," అన్నాడు. "గాలి బాగొస్తన్నాది."

"కిటికీ మూస్తే రాదు తమ్ముడూ," అంది అసిరమ్మ.

ఇద్దరూ కాసేపు వాన చూశారు. ఆయన ఎన్నాళ్లుగా పెండింగులో ఉన్నాడో ఆవిడ అడగలేదు. దుప్పటి కింద ఆయన ఊపిరి ఎలా ఆడుతోందో వినబడుతూనే ఉంది. ఇంటికి మంజూరైంది ఒక్క చావే. అది ఎవరు వాడుకున్నా పదకొండో రోజున తాళం ఆఫీసుకే వెళ్తుంది. ఆ సంగతి ఆవిడకు తెలుసు, ఆయనకూ తెలుసు.

అసిరమ్మ తన కుర్చీ కాస్త పక్కకు జరిపి ఆయనకు చోటిచ్చింది. భుజం మీది తడి దుప్పటి తీసి తన పొడి దుప్పటి కప్పింది. అంత మెత్తని గొంతుతో జగ్గారావుగారు ఎన్నడూ చెప్పి ఉండరు.

"ఉండు తమ్ముడూ, ఎన్నాల్లైనా ఉండు. సావులు మాత్రం కుదరవు."

"అది తెలిసిందే కదప్పా," అన్నాడు బైరాగి. ఆయన నమ్మకంగా తల ఊపి, చినుకులు పడని మూల చూసుకుని మంచం వాల్చుకున్నాడు. లోపల తవిటమ్మ టీ నీళ్లలో ఇంకో గ్లాసెడు కలిపింది. బైరాగి కోడలు సుత్తి అడిగి తీసుకుని, వరండా గోడకు మొదటి మేకు కొట్టింది.