చెన్నరాయప్ప చెరిపేసిన గీతలు

ఆదివారం పొద్దున్నే చెన్నరాయప్ప పెట్టుకున్న పని ఒక్కటే. హోసూరులో తన ఇంటి ముందున్న మెరూన్ రంగు కారు తలుపు మీది గీతను మాయం చెయ్యాలి. తను ఫ్యాక్టరీ నుంచి రిటైరయ్యాక ఆ పాతబండి కదలడమే మానేసింది. దాన్ని కొంటానని కృష్ణగిరి నుంచి సెల్వరాజ్ అనే ఆయన మధ్యాహ్నం వస్తున్నాడు.

పక్కింటి జితేంద్రది విజయనగరం. ఇక్కడి కంపెనీలో ఉద్యోగం. ఫోనులో వీడియో చూపించి, "టూత్‌పేస్ట్ రాసి తుడవండి బాబాయ్, గీత ఇట్టే పోద్ది" అన్నాడు.

తుడిచాడు. గీత పోలేదు గాని పుదీనా వాసన వచ్చింది. గరుకు ఉప్పు కాగితంతో రుద్దాడు. ఈసారి గీత పోయింది, దాంతోపాటు అరచేయంత రంగూ పోయింది. స్ప్రే డబ్బా తెచ్చి కొట్టాడు. డబ్బా మీద మెరూన్, తలుపు మీద పండుమిరప ఎరుపు. ఒక్క తలుపే అలా వెలిగిపోతుంటే మిగతావి వెలవెలబోయాయి. దాంతో రెండో తలుపు, ఆపైన బానెట్ కూడా వాటి మీది గీతలతో సహా రుద్ది రంగేశాడు.

"గాలి ఇటు తిరిగింది బాబాయ్!" అని జితేంద్ర అరిచేసరికే అతను ఆరేసుకున్న యూనిఫాం చొక్కాలు ఎర్రబడ్డాయి.

సెల్వరాజ్ వచ్చి తలుపు మీద వేలు పెట్టాడు. వేలు ఎర్రగా వచ్చింది.

"ఏమప్పా, యాడ గుద్దినావు బండిని?"

"యాడా గుద్దలేదప్పా! గీతలు ఉండె, తుడిచేసినాను."

"గీతలుంటే నమ్మి తీసుకుందును. కొత్త రంగు పూసినారంటే ఏదో దాచినారనే." వెనక్కి తిరిగాడు.

చెన్నరాయప్ప భార్య చిక్కమ్మ కాఫీ గ్లాసుతో అడ్డం వచ్చింది. "నిలబడప్పా. యాడ ఏ గీత ఉండెనో నేను చెప్తాను. ఈ తలుపు మీద ఉండింది ఎద్దుకొమ్ము గీత. బండి కొన్న వారానికే అంచెట్టికి పోయినాము. ఈయన హారన్ కొట్టినాడని ఎద్దుకు కోపమొచ్చింది."

"కోపం నీకే వచ్చింది. సంగటి గిన్నె ఒళ్ళో బోర్లాపడిందని" అన్నాడు చెన్నరాయప్ప.

"ఆ తలుపుది బర్గూరులో రాళ్ళ లారీ రాసుకుపోయిన గీత. పాప పుట్టిందని తెలిసి ఈయన దారి కూడా చూడకుండా వచ్చినాడు." చిక్కమ్మ చెయ్యి బానెట్ మీదికి పోయి ఆగింది. "ఈడ పాప మేకుతో 'అ' రాసింది. ఇంకా బడికి పోకముందే. దాన్ని కూడా రుద్దేసినావా అయ్యా?"

చెన్నరాయప్ప రుద్దేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకోలేదు. ఎర్రగా, నున్నగా ఉన్న ఆ చోటు వైపు ఇద్దరూ చూస్తూ ఉండిపోయారు.

సెల్వరాజ్ గొంతు సవరించుకున్నాడు. "నమ్మినానమ్మా. బండి నేనే తీసుకుంటాను. తాళం ఇవ్వండి."

చెన్నరాయప్ప జేబులో పెట్టిన చెయ్యి బయటికి రాలేదు. "రంగు ఇంకా ఆరలేదప్పా" అన్నాడు చివరికి.

"ఎప్పటికి ఆరుతుంది?"

"ఇది ఆరేది కాదు" అంది చిక్కమ్మ.

ఎర్రబడిన వేలు తుడుచుకుంటూ సెల్వరాజ్ వీధిలోకి నడిచి, జితేంద్ర దగ్గర ఆగాడు. "ఏమీ గుర్తులేని వాళ్ళ బండి ఏదన్నా ఉంటే చెప్పప్పా."